ఏటి కెదురీదు తల్లులు

చేపను గూర్చి మన యిండ్లలో స్త్రీల కున్నంత జ్ఞానము పురుషులకు లేదనిన అతిశయోక్తి కాదు. మొప్ప యెత్తి చూచి చేప తాజాదో కాదో నిర్ణయించుటయు, బూడిదయు గల్లుప్పును జేర్చి జిగట పోవునట్లు రుద్దుటయు, పులుసెంత చిక్కనైన ముక్క చెదరకుండునో యెరుగుటయు మన పనులే గదా! అయినను ఆ చేప గంపలోనికి రాకపూర్వ మే నీటిలో పుట్టెను, ఎట్లు బ్రతికెను, ఏ పని మీద ఎచ్చటికి పోవుచుండగా వలలో జిక్కెను అని విచారించువారు మనలో అరుదు. గడచిన ఆషాఢమాసమున స్నేహితురాండ్రము నలుగురము పాలేటియొడ్డున గాలములతో ఒక దినము గడపితిమి. పోయినది వినోదమునకే గాని, ఆనాడు తెలిసిన సంగతి మాత్రము మన వంటయింటికి సంబంధించినది. అందుచే దానిని సోదరీమణులతో ముచ్చటింప దలచితిని.

మాది సూర్యాపేట జిల్లాలోని తుంగతుర్తి. ఇది మెట్టసీమ. మా కాధారము చెరువులు, వానకాలమున పొంగు వాగులు. ఈ సీమకు పడమటను మూసీనదియు, తూర్పున పాలేరును ప్రవహించును. రెండును కడకు కృష్ణలో గలియునవే. మూసీ హైదరాబాదు నగరపు మురికిని మోసికొని వచ్చునది గావున మేము పాలేటినే కోరుకొంటిమి. పాలేరు దిగువను ఖమ్మము జిల్లాలోని కూసుమంచి సమీపమున జలాశయముగా నిలుచును. నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు గూడ అందు వచ్చి చేరును. మత్స్యములను గూర్చి పరిశోధించు కేంద్ర మొకటి యచ్చటనే కలదు. తొలకరి వరద నీరు దిగువకు జేరగానే, నిలువనీటిలోని చేపలు ఆ క్రొత్తనీటి జాడ తెలిసికొని ప్రవాహమున కెదురుగా బయలుదేరును. ఏటిలో చేప లెక్కువగా దొరకు కాల మదియే.

ఆడువారికి గాలమేమిటని మా వీధిలో కొందరు నవ్విరి. ఈ తుంగతుర్తి ప్రాంతముననే కరివిరాల కొత్తగూడెములో జన్మించిన మల్లు స్వరాజ్యముగారు తెలంగాణ సాయుధ పోరాటమున తుపాకి పట్టిరి. 1978లోను, 1983లోను ఈ నియోజకవర్గమునుండియే శాసనసభకు ఎన్నికైరి. తుపాకి పట్టిన గడ్డమీద గాలము పట్టుట తప్పు కాదని నేను సమాధానము చెప్పితిని. నవ్వినవారే మరల మాకు ఎర్రలు త్రవ్వి యిచ్చిరి. ఎర్రలనగా వానపాములు, చిన్నచేపల కంతకంటె మంచి యెర లేదు.

మా నలుగురిలో ఒకతె ఉపాధ్యాయిని. ఒకతె సూర్యాపేటలో పెద్ద యుమ్మడి కుటుంబమును నడుపుచున్న గృహిణి. మూడవయామె అమెరికాలో సియాటిల్ నగరప్రాంతమున కాపురముండి, పిల్లల వేసవి సెలవులకు పుట్టింటికి వచ్చినది. నాలుగవదానను నేను. మాకు దారి చూపుటకు ముదిరాజుల యవ్వయొకతె తన పెనిమిటితో గూడ వచ్చెను. ఆయన భుజమున విసురువల. ఆమె చేత వెదురుబుట్ట. ఏటి లోతుపాతు లెరిగినవారు తోడు లేక వరదకాలమున నీటిదగ్గరకు పోరాదు. 2024వ సంవత్సరము ఆగస్టు కడపటి దినమునను, సెప్టెంబరు మొదటి దినమునను గురిసిన వానలకు పాలేరెట్లు పొంగెనో ఈ ప్రాంతమువా రింకను మరువలేదు. అందుచే మేము నూతనకల్లు మీదుగా పోయి, వరద తీసి నీరు మోకాటిలోతున తేటపడుచున్న తావున, అడ్డుకట్టకు చాల దిగువగా మకాము చేసితిమి.

గాలపు విద్య చూచువారికి సులభము, చేయువారికి కష్టము. వెదురుకర్ర, దానికి సన్నని దారము, దారమునకు బెండు, కొనకు కొక్కెము—సామగ్రి యింతియే. బెండు కదలగానే తొందరపడి కర్ర యెత్తినచో చేప యెరను మాత్రము తిని పోవును. బెండు మునిగి ప్రక్కకు జరిగినప్పుడే మణికట్టుతో మెల్లగా గుంజవలెను. ఉపాధ్యాయినికి మొదట జెల్ల పడెను. ఆమె సంతోషముతో పట్టుకొనబోగా అవ్వ కేకవేసి ఆపెను. జెల్లకు రెక్కలమొదట గట్టి ముండ్లుండును. గ్రుచ్చుకొన్నచో చేయి వాచి సలుపును. దానిని తలవెనుక గట్టిగా అదిమి, ముండ్ల సందున వ్రేళ్లు పెట్టి పట్టవలెను. ప్రొద్దెక్కులోపల మాకు పరకలు, జెల్లలు కలిపి ఒక పూట పులుసునకు జాలునన్ని దొరకెను.

గట్టువెంట నడచుచుండగా, తుంగ మొలచిన నిలువనీటి మడుగులో ఎర్రని కుంకుమ చల్లినట్లు ఏదియో కదలుచు గనబడెను. దగ్గర వంగి చూడగా అవి గోటియంతేసి చేపపిల్లలు. వందలకొలది ఒక్క గుంపుగా తిరుగుచున్నవి. అవి కొర్రమీను పిల్లలని అవ్వ చెప్పెను. కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చు జాతి. అది కలుపునడుమ తావు చేసికొని గ్రుడ్లు పెట్టి, పిల్లలు పొదిగిన పిదపగూడ విడువక క్రిందనే యుండి కాపలా కాయును. తల్లియు తండ్రియు ఇద్దరును ఆ కాపలా పనిలో నుందురు. తెలంగాణ రాష్ట్రమునకు రాష్ట్రమత్స్యముగా 2016లో ఎన్నుకొనబడిన దీ చేపయే. ఆ గుంపుక్రింద పెద్దచేప యున్నదని తెలిసిన వేటకాడు అచ్చటనే గాలము వేయును. పిల్లలమీది మమకారముచే కదలక నిలుచు ఆ చేప సులభముగా దొరకును. దొరికిన మరుక్షణమే కప్పలును, ఇతర చేపలును, కొంగలును పిల్లల పని పట్టును. ఒక్క చేపకై వందల చేపలు పోయినట్లే. అవ్వ పెనిమిటి వల భుజముననే యుంచుకొని ఆ మడుగును దాటి ముందునకు సాగెను.

మధ్యాహ్నము కావచ్చుచుండగా ఆయన ప్రవాహమున వల విసరెను. వల గుండ్రముగా విచ్చుకొని నీటిపై బడి మునిగెను. లాగునప్పుడు ఆయన చేతులు బిగువుకొనుట చూచి మేమందరము పరుగెత్తితిమి. వలలో పెద్ద రవ్వచేప! మూడు కిలోలకు తక్కువ యుండదు. కడుపు నిండుగా ఉబ్బియుండెను. అది గ్రుడ్లతో నిండిన చేప. సూర్యాపేట స్నేహితురాలు వెంటనే వెల యడిగెను. ఆమె యత్తగారికి చేపగ్రుడ్ల వేపుడన్న నెంతయో యిష్టమట. సియాటిల్ స్నేహితురాలు దానిని విడువవలసినదే యని పట్టుపట్టెను. దొరికిన చేపను విడుచుట యెచ్చటి న్యాయమని ఒకరు, తల్లిచేపను చంపుట యెచ్చటి న్యాయమని ఒకరు వాదించుకొనుచుండగా అవ్వ చేపను బుట్టతోసహా నీటిలో ముంచి పట్టుకొని యిట్లనెను:

“ఎదురెక్కే చాప కానుపుకు తల్లిగారింటికి పోయే ఆడిబిడ్డ లెక్క. తొవ్వల ఆపుతమా బిడ్డా?”

మా మాట లన్నియు ఆగిపోయెను. మరియొక క్షణమునకు ఆమెయే మరల అనెను: “మేమొక్కలం ఇడిచిపెడితే ఏమైతది? బజాట్ల అందరు గుడ్ల చాపనే అడుగుతరు. దానికే పైసలు ఎక్కువ పెడతరు. అడిగేటోళ్లు లేకుంటే పట్టేటోళ్లెందుకుంటరు?”

అవ్వ మొదటిమాట మనస్సును కరగించినది. రెండవమాట మమ్ము నిలదీసినది. ఆ చేప యమ్మినచో ఆనాటి వారి యింటివెచ్చము గడచును. విడువుమని చెప్పుట కడుపు నిండిన మాకు సులభము. విడుచుట వారికి కష్టము. కడకు సూర్యాపేట స్నేహితురాలే ఆ చేప వెల యిచ్చివేసి, దానిని నీటిలో విడువుమని కోరెను. సియాటిల్ స్నేహితురాలు చేతులు తడుపుకొని—పొడిచేతులతో పట్టిన పైజిగట యూడి చేపకు రోగము తగులునట—కడుపుక్రింద రెండుచేతులుంచి, తల ప్రవాహమువైపు త్రిప్పి, అది తనంతట తాను తోక విదల్చువరకు నిలిపియుంచెను. చేప ఒక్క తాకున ఎగువకు సాగిపోయెను.

మూడురాళ్ల పొయ్యిమీద పులుసుడుకుచుండగా ఆమె తాముండు దేశపు చేప కథ చెప్పెను. అచ్చటి నదులలో స్టీల్‌హెడ్ అను చేప యుండును. తల ఉక్కువన్నె గలది కావున ఆ పేరు. మన దేశమున ఆంగ్లేయుల కాలమున నీలగిరులకును, హిమాలయపు సెలయేళ్లకును తేబడిన రెయిన్‌బో ట్రౌటును, ఇదియు ఒక్క జాతియే. నదిలోనే యుండిపోవునది ట్రౌటు. సముద్రమునకు పోయి వచ్చునది స్టీల్‌హెడ్. అది చల్లని యేటిలో గులకరాళ్లనడుమ పుట్టి, పిల్లప్రాయమున పసిఫిక్ మహాసముద్రమునకు పోయి, అచ్చట ఒకటి రెండేండ్లో మూడేండ్లో బలిసి, గ్రుడ్లు పెట్టుటకై తాను పుట్టిన యేటికే తిరిగివచ్చును. పుట్టినయేటి నీటివాసనను మరువకుండుటయే దారి తెలియుటకు ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దాని బంధువులగు పసిఫిక్ సాల్మను చేపలు గ్రుడ్లు పెట్టిన వెంటనే చనిపోవును. స్టీల్‌హెడ్ మాత్రము బ్రతికి, మరల సముద్రమునకు పోయి, మరియొక యేడు మరల పుట్టింటికి రాగలదు. కావున ఒక తల్లిని విడిచిన అనేక కాన్పులను విడిచినట్లు.

అచ్చట స్నేహితులు గూడి దినమంతయు చల్లని నీటిలో నిలిచి ఒక్క చేపకై వేచియుండుట గొప్ప వినోదమట. కాని ఏటిలో సహజముగా పుట్టిన స్టీల్‌హెడ్ దొరకినచో పెక్కు నదులలో దానిని విడిచిపెట్టి తీరవలెనని చట్టము. మరి యింటికి కొనిపోదగినది యేది? మనుష్యులు పొదిగించి విడిచిన చేపపిల్లలకు వీపుమీద తోకదగ్గర నుండు చిన్న కొవ్వురెక్కను ముందుగానే కత్తిరింతురు. ఆ రెక్క లేని చేపను తినవచ్చును; రెక్క యున్నదానిని విడువవలెను. చంటిపిల్లవానికిగూడ తెలియు గుర్తు! అచ్చటివారు మొదటినుండియు నింత జాగరూకులనుకొనరాదు. ఆనకట్టలచేతను, అతివేటచేతను చేపలు తరిగిన పిదపనే మేల్కొనిరి. సియాటిల్ ప్రాంతపు స్టీల్‌హెడ్‌ను 2007లో ముప్పునందున్న జీవుల పట్టికలో చేర్చవలసివచ్చెను. ఆ నగరమున 1917లో తెరచిన ఓడల తలుపులకట్ట ప్రక్కన చేప లెక్కుటకు మెట్లు కలవు. గాజుకిటికీలనుండి పిల్లలు ఆ చేపలను చూచి ఆనందింతురు. అదే రాష్ట్రమున ఎల్వా యను నదిమీది రెండానకట్టలను 2011 మొదలుకొని 2014లోపల పడగొట్టగా, నూరేండ్లుగా రాలేని యెగువకు స్టీల్‌హెడ్ మరల ఎక్కివచ్చినది.

అంత దూరము పోనేల? మన గోదావరి పులస యిట్టిదే గదా. బంగాళాఖాతమున నున్నంతకాలము అది విలస. శ్రావణ భాద్రపదముల యెర్రనీటి కెదురెక్కి వచ్చినప్పుడు పులస. అదియు గ్రుడ్లు పెట్టుటకే ఏరెక్కును. కాటను దొరగారి ధవళేశ్వరపు టానకట్ట 1852లో పూర్తియైనది. దానివలన డెల్టా అన్నపూర్ణయైనది. పులసకు మాత్రము ఎగువదారి మూసికొనిపోయినది. “పుస్తెలమ్మియైన పులస తినవలె” నని సామెత. మన మెడలోని పుస్తెలనే యమ్మజూచిన యీ సామెత ఏ పురుషుడు కల్పించెనో గాని, నేడు ఒక్కొక్క పులస వేలరూపాయలు పలుకుచున్నది. రుచియొక్కటే దీనికి కారణము కాదు. చేప అరుదగుటయు కారణమే.

మన పాలేటి చేపలు సముద్రమునకు పోవు. అయినను రవ్వ, బొచ్చె, ఎర్రమోసు అను మన పెద్దచేపలకు ఎదురెక్కుట ప్రాణావసరము. ఇవి నిలువనీటి చెరువులో ఎంత బలిసినను అచ్చట గ్రుడ్లు పెట్టవు. వానకు పొంగి పారు నీరు, మునిగిన గట్లపల్లము ఉన్నగాని వాటికి కాన్పు లేదు. రెండు మూడు కిలోల రవ్వకడుపున లక్షలకొలది గ్రుడ్లుండును. అనుకూలమైన నీటిలో ఒక పగలు, ఒక రేయి గడువకమునుపే అవి పిల్లలగును. ఈ రహస్యము తెలియుటచేతనే 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగులులో శాస్త్రజ్ఞులు హీరాలాల్ చౌధురీ, ఆలికున్హిగార్లు చేపలకు గ్రంథిరసమును సూదిమందుగా నెక్కించి, ఏరు లేకయే గ్రుడ్లు పెట్టించిరి. నేడు మన చెరువులలో పెరుగు చేపలలో అధికభాగ మా విద్యవలన పుట్టినవే. తెలంగాణ ప్రభుత్వము 2016లో ప్రారంభించిన పథకమున చెరువులలో విడిచిన చేపపిల్లలును అట్టివే. కావున చెరువుచేపను తినుట పంట కోసికొనుట వంటిది. కోసినచో మరల నాటవచ్చును. ఏటి కెదురెక్కు తల్లిచేపను తినుట విత్తనపుగాదెను వండుకొనుట వంటిది.

ఇక మన వంటయింటి పాత్ర చూతము. మృగశిరకార్తె ప్రవేశించు దినమున, అనగా జూను 7, 8 తేదీల ప్రాంతమున, చేప తినుట తెలంగాణమున తరతరముల యాచారము. ఆచారమును మానవలెనని నే ననను. ఆనాడు చెరువుచేప తిన్నను ఆచారము చెల్లును. కాని ఆ దినము మొదలుకొని రెండు మాసములు చేపలు గ్రుడ్లతో నుండు కాలము. తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు మరపడవలు సముద్రవేటకు పోరాదని నిషేధము కలదు. సముద్రము తల్లులకు ప్రభుత్వ మిచ్చు ఆ పురిటిగడువును, మన యేటితల్లులకు మనమే యీయగలము. శ్రావణమాసమున మనలో పెక్కుమంది ఎట్లును నీచు ముట్టరు. ఆ నియమమునకు ఆషాఢమున ఏటి గ్రుడ్లచేపనుగూడ చేర్చికొన్నచో వ్రతము సంపూర్ణమగును.

చేయవలసినది కొంచెమే. చేప కొనునప్పుడు, ఇది చెరువుదా, ఏటిదా యని యడుగుడు. ఈ రెండు మాసములును గ్రుడ్లచేప కావలెనని కోరకుడు. గ్రుడ్లున్నదని అధికముగా వెల పెట్టకుడు. కోరిక తగ్గిన వెల తగ్గును. వెల తగ్గిన వేట తగ్గును. చెరువుచేపను అదే బేరగత్తెవద్ద న్యాయమైన వెలకు కొనుడు. ఆమె యిల్లు గడవవలెను గదా. కొర్రమీను పిల్లలగుంపు గనబడిన మడుగువైపు పిల్లలను గాలములతో పోనీయకుడు. నీటిలో విషము కలిపియు, మందుగుండు పేల్చియు చేపలు చంపుట 1897వ సంవత్సరపు చట్టమునుండియు నేరము. విద్యుత్తు తీగలు వేయుటయు అంతకు దీసిపోని పాపము. అది చేపలనేగాక మనుష్యులనుగూడ చంపును. పేలుడుచే చచ్చిన చేపను కోసినప్పుడు గాలితిత్తి పగిలి లోపల నెత్తురు గట్టియుండును. అట్టిది కనబడినచో మరునాడు ఆ గంప మొగము చూడకుడు.

ఏటిచేప బొత్తిగా మానవలయునా యన్నచో, అక్కరలేదు. పరకలును జెల్లలును గాలమునకు దొరికినన్ని పూటకు జాలును. వాటి పులుసునకు చింతపండు రసము చిక్కగా తీసి, ఉల్లిగడ్డ వేగిన పిదప కారము, పసుపు, ధనియాలపొడి వేసి, పులుసు తెరలినప్పుడే చేపలు విడువవలెను. తరువాత గరిటె పెట్టరాదు. గిన్నెనే రెండుచేతుల పట్టి త్రిప్పవలెను. దించుముందు వేయించిన మెంతులపొడి చిటికెడు చల్లిన చాలును. మరునాటి కది మరింత రుచి యగును. జొన్నరొట్టె దానికి మంచి జోడు.

ఒక చేపను కొని విడుచుట ఒకనాటి ముచ్చట. కోరకుండుట అనుదినము చేయదగిన పని, పైగా ఖర్చులేని పని. కానుపునకు పుట్టింటికి బయలుదేరిన బిడ్డకు బండి కట్టించి, దారికి సద్ది కట్టి, గడపదాక సాగనంపుట మన యిండ్ల మర్యాద. ఏటి కెదురీదు తల్లికి బండి యక్కరలేదు, సద్ది యక్కరలేదు. దారి యొక్కటి విడిచిన చాలును.